కనపడేంత దూరంలో ఉండండి

"నా తువ్వాల యాడ పెట్టినావే?"

"నీ బుజం మీదనే ఉంది, సూసుకో."

మా ఆయనా నేనూ చివరగా మాట్లాడుకున్న మాటలు ఇవే. భుజం తడుముకుని, నాలుక కరుచుకుని, రిక్షా తీసుకుని పోయాడు. ఆదోనిలో బడిపిల్లల రిక్షా తొక్కేవాడు. ఆ పొద్దు పిల్లలను బడి దగ్గర దింపి, రిక్షాలోనే కూర్చుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. సినిమాల్లో అయితే మొగుడు పోయే ముందు చెయ్యి పట్టుకుని ఏవేవో చెప్తాడు. నాకు తువ్వాల దక్కింది. ఇన్నేండ్లయినా ఆ మాట తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వు వెనకాల ఇంకోటి కూడా వస్తుంది, అది రాయొద్దు అన్నాను. శిరీష రాసేసింది.

శిరీష మా తమ్ముని మనవరాలు. ఎమ్మిగనూరులో నేనిప్పుడు ఉండేది వాళ్లింట్లోనే. మొన్న అంగన్‌వాడీలో ఆయాగా చేరింది. "అవ్వా, నువ్వు ఇన్నేండ్లు ఆ పని సేసినావు కదా. ఏం సేయాల్నో, ఏం సేయకూడదో సెప్పు, రాసుకుంటా" అంది. చేయకూడనివి చెప్పడానికి నాకంటే తగిన మనిషి ఈ జిల్లాలో దొరకదు. నాకు రాత రాదు. సంతకం వస్తుంది. అందులోనూ ఒక్కోసారి ఒక అక్షరం ఎగిరిపోతుంది. అందుకని నేను చెప్తున్నాను, అది రాస్తోంది. నా గొంతు మోటుది. చిన్నప్పుడు గోనెగండ్ల పక్క జొన్నచేలలో పిట్టలు తోలి తోలి అట్లయింది. నేను గుసగుసలాడినా పక్కింటివాళ్లు కొట్లాట అనుకుని వస్తారు. ఈ రాతలో ఎక్కడైనా మెత్తని మాట కనిపిస్తే అది శిరీషది.

గంటా, జెండా తాడూ

మా ఆయన దినాలు అయిపోయాక బడి పెద్ద టీచరు సరోజమ్మ మా ఇంటికొచ్చింది. మంత్రాలయంలో గుడి కొలువు చేసుకునే కుటుంబంలో పుట్టిన మనిషి, మడి మాట, మెత్తని నడక. మా గుడిసెలో ఈతచాప మీద కూర్చుని, "ఉలిగమ్మా, మీ ఆయన పిల్లలను బడిదాకా భద్రంగా తెచ్చేవాడు. బడిలోపల నువ్వు చూసుకో" అంది. అంతే. నాకు ఉద్యోగం వచ్చేసింది.

ఆయా అంటే కుర్చీలో కూర్చుని గంట కొట్టడం అనుకున్నాను. కుర్చీ లేదు. గంట ఉంది. మొదటి రోజు కొట్టమన్నారు, కొట్టాను. ఎప్పుడు ఆపాలో ఎవరూ చెప్పలేదు. టీచరమ్మ పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకునేదాకా కొడుతూనే ఉన్నాను. అప్పటికే పక్క వీధివాళ్లు ఎక్కడో నిప్పంటుకుందని బిందెలతో నీళ్లు తెచ్చారు. తెచ్చిన నీళ్లు వృథా ఎందుకని బడి తొట్టిలో పోయించాను. అది ఒక్కటే ఆ రోజు నేను చేసిన తెలివైన పని.

ఆ తర్వాత వానాకాలంలో చిన్నపిల్లల నిక్కర్లు తడిసిపోతే ఉతికి, ఆరేయడానికి తాడు కోసం చూశాను. జెండా కొయ్యకు మంచి తాడు ఉంది, ఖాళీగా ఉంది. వరుసగా కట్టి పైకి లాగాను. గాలికి బాగా ఆరుతున్నాయి. అప్పుడే ఇన్‌స్పెక్టరు జీపు గేటులోకి వచ్చింది. ఆయన టోపీ తీసి, పైకి చూసి, మళ్లీ పెట్టుకున్నాడు. సరోజమ్మ టీచరు ఆయన ముందు ఒక్క మాట అనలేదు. ఆయన పోయాక తన గదిలోకి పోయి తలుపు వేసుకుంది. ఏడుస్తోందనుకుని చెవి ఆనించాను. నవ్వుతోంది.

ఇట్లాంటి పెద్దమనిషి కింద పని దొరకడం అదృష్టం. తిట్టాల్సింది పిల్లల ముందు తిట్టదు. మెచ్చుకోవాల్సింది పదిమందిలో మెచ్చుకుంటుంది. నన్ను మెచ్చుకునే సందర్భం ఆమెకు పెద్దగా దొరకలేదు, అది వేరే సంగతి.

కొత్తగా చేరేవాళ్లకు ఒకటి చెప్తాను. ఏడ్చే బిడ్డకు "అమ్మ వస్తుంది" అని చెప్పొద్దు. రాదని ఆ బిడ్డకూ తెలుసు. చేతికి ఏదో ఒక పని ఇవ్వండి. చీపురిచ్చినా సరే. పని దొరికిన బిడ్డ ఏడుపు మరిచిపోతుంది. మొగుడు పోయిన కొత్తలో నాకు పనికొచ్చిన మందు కూడా అదే.

రంగన్న పెట్టిన మెలిక

మా బడి ఏడో తరగతిదాకా ఉండేది. ఏడాదికొకసారి పిల్లలను ఎక్కడికో ఒకచోటికి తీసుకుపోయేవాళ్లు. పిల్లలు అంటే మగపిల్లలు. ఆడపిల్లలు ఆ రోజు ఇంట్లో పేడకళ్లు ఎత్తేవాళ్లు. ఎనభైల మొదట్లో ఒక ఏడు సరోజమ్మ టీచరు పట్టుబట్టింది. నల్లమలలో ఫారెస్టువాళ్లు కొత్తగా మ్యూజియం పెట్టారట, వెనకటి కాలంలో చెట్లు ఎట్లా కొట్టేవాళ్లో, దుంగలు ఎట్లా తెచ్చేవాళ్లో చూపిస్తారట, దాని వెనకనే అడవి. "ఈసారి ఆడపిల్లలు కూడా వస్తారు" అంది.

రాత్రి బయట ఉండాల్సిన ప్రయాణం. ఇంటింటికీ తిరిగి అడిగాం. టీచరమ్మ మాట్లాడేది, నేను పక్కన నిలబడేదాన్ని. నా పని అదే. ఈ మోటు ముండ తోడు ఉంటే బిడ్డ జోలికి ఎవరూ రారు అని వాళ్లకు నమ్మకం కలగాలి.

రంగన్న ఇల్లు చివరిది. పత్తి మార్కెట్టులో హమాలీ. బేళ్లు మోసి మోసి మెడ ఎద్దు మెడ మాదిరి ఉంటుంది. కూతురు ఉరుకుందమ్మ, ఏడో తరగతి. బాగా చదువుతుంది. చదువు ఆ ఏడుతో ఆపేస్తానని ముందే చెప్పి ఉన్నాడు.

"హైస్కూలు ఊరికి ఆ కొసన ఉండాది టీచరమ్మా. మార్కెట్టు దాటల్ల, రైలు గేటు దాటల్ల. ఆడబిడ్డ ఒక్కతే యాడ పోతాది?" అన్నాడు.

"పోగలదో లేదో పంపి చూడందే ఎట్లా తెలుస్తుంది రంగన్నా?"

ఆయన గడ్డం గీరుకున్నాడు. "సరే. మీరు అడుగుతాండారని అడివికి పంపుతా. పోయిన బిడ్డ పోయినట్ల తిరిగొస్తే, జూన్‌లో హైస్కూల్లో సేర్పిస్తా. నా సెవిన ఒక్క తప్పు మాట పడిందంటే ఇంట్లో కూసుంటాది. మల్లా నన్ను అడగద్దండి." నా వైపు తిరిగాడు. "ఉలిగమ్మక్కా, నీ కండ్ల ముందర్నుంచి కదలకూడదు."

నేను రొమ్ము చరుచుకున్నాను. "నా కండ్లు దాటి పోయిందంటే నా పేరు ఉలిగమ్మే కాదప్పా!"

దేవత పేరు పెట్టుకుని అంత మాట అనకూడదు. నాకు నోరు ముందు నడుస్తుంది, బుద్ధి వెనకాల చెప్పులు వెతుక్కుంటూ వస్తుంది.

తిరిగి వస్తుంటే సందు చివరిదాకా ఉరుకుంద వెంట వచ్చింది. "ఆయమ్మా, అడివిలో ఎండ కనపడదంట, నిజమేనా?"

"నేను సూడని అడివా?" అన్నాను. నిజానికి నేను చూడని అడవే. మా వైపు నల్లరేగడి చేలు, బోడిగుట్టలు, అక్కడక్కడా తుమ్మచెట్టు. నాలుగు తుమ్మచెట్లు ఒకచోట ఉంటే అడవి అనుకునేదాన్ని.

మ్యూజియంలో నా నిద్ర

బస్సు ఎమ్మిగనూరులో ఆగితే మా తమ్ముడు బొరుగుల ఉగ్గాని, బజ్జీలు కట్టించుకుని వచ్చాడు. వాడి ముందు కొంచెం బిగువుగా నిలబడి, "పిల్లోళ్లను అడివికి తీసకపోతాండాను. బాధ్యతంతా నాదే" అన్నాను. పిల్లలకు వాంతి వస్తే ఇవ్వడానికి నిమ్మకాయలు, చింతపండు సంచిలో సర్దుకుని ఉన్నాను. కర్నూలు దాటకముందే బస్సు ఆపాల్సి వచ్చింది. పిల్లలు ఎవరూ వాంతి చేసుకోలేదు. నేను చేసుకున్నాను. ఉరుకుంద నా సంచిలోంచే నిమ్మకాయ తీసి నా ముక్కు దగ్గర పెట్టింది.

ఆ రాత్రి అడవి దగ్గరి ఊళ్లో ఒక బడిలో పడుకున్నాం. ఆడపిల్లలు గదిలోపల, నేను గడపకు అడ్డంగా. దోమలు నన్ను దాటి లోపలికి పోలేదు, నా దగ్గరే వాటికి సరిపోయింది. కన్ను మూతపడలేదు. ఇది సాకు కాదు, ముందు ముందు జరిగినదానికి కారణం చెప్తున్నాను. సరే, సాకే అనుకోండి.

పొద్దున మ్యూజియం. పొడుగాటి పెంకుల షెడ్డు. లోపల ఒక మాను అడ్డకోత నిలబెట్టారు, మా గుడిసె గోడంత ఉంది. ఇద్దరు చెరో పక్క పట్టుకుని లాగే రంపాలు, దుంగలకు బిగించే గొలుసులు, దున్నలతో లాగించే బండి. ఒక్కో మొద్దుకు ఒక చెక్క పలక, దాని మీద పేరు. టేకు, నల్లమద్ది, ఏగిస అని పిల్లలు చదువుతుంటే విన్నాను. ఒక ఫారెస్టు సారు, నెరిసిన మీసాలాయన, వెంట తిరిగి అన్నీ చెప్పాడు.

ఆయన చెట్టు వయసు వలయాలు లెక్కపెట్టి చూపిస్తున్నాడు. నాకు మాత్రం అది పొయ్యిలో ఎట్లా మండుతుందో అని ధ్యాస. మా ఇండ్లలో పొయ్యిలోకి పత్తికట్టె పెట్టేవాళ్లం. భగ్గున లేస్తుంది, అంతలోనే బూడిద. అన్నం ఉడికేదాకా పొయ్యి ముందు నుంచి లేవడానికి ఉండదు. ఇంత లావు కట్టెను చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

"సామీ, ఈ మొద్దు అమ్ముతారా?" అన్నాను.

షెడ్డంతా వినపడింది. మగపిల్లలు పడీపడీ నవ్వారు. ఫారెస్టు సారు మాత్రం మర్యాదగా, "ఇది చూడ్డానికి పెట్టింది తల్లీ" అన్నాడు.

ఇంకేం అడగకుండా దుంగల బండికి వీపు ఆనించుకుని కూర్చున్నాను. చల్లటి షెడ్డు, కడుపులో మిగిలిన బజ్జీలు, రాత్రి లేని నిద్ర. ఆయన గొంతు దూరంగా పోతూ పోతూ ఉంది. లేచేసరికి టీచరమ్మ నా భుజం తడుతోంది. "ఉలిగమ్మా, గురక పెట్టొద్దు, పిల్లలకు వినపడటం లేదు."

అడవి

మ్యూజియం వెనక కొంచెం మైదానంలాగా ఉంది, దాని చుట్టూ అడవి. మగపిల్లలను ఒక మాస్టరు వాగు వైపు తీసుకుపోయాడు. టీచరమ్మ ఫారెస్టు సారు గదిలో ఏదో మాట్లాడి వస్తానంది. "ఆడపిల్లలు నీ దగ్గరే, కాసేపు చూసుకో" అంది.

పిల్లలను చూసుకోవడంలో నాకు ఒక పద్ధతి ఉండేది. ఆదోనిలో కొండ దగ్గరికో, కోసిన చేల వైపో తీసుకుపోయినప్పుడు ఎత్తయిన బండ చూసుకుని ఎక్కి కూర్చునేదాన్ని. "కనపడేంత దూరంలో ఉండండి" అనేదాన్ని. మా నేల మీద కనపడేంత దూరం అంటే పక్క ఊరిదాకా. మేక తోక ఊపినా తెలుస్తుంది. పిల్లలు ఎంత పరుగెత్తినా నా కండ్ల కిందనే ఉండేవాళ్లు. ఆ పద్ధతిలో ఏండ్ల తరబడి ఒక్క బిడ్డ కూడా తప్పిపోలేదు. నాకు అది నా గొప్పతనం అనిపించేది. మా నేల గొప్పతనం అని తెలిసింది ఆ రోజే.

అక్కడ పడి ఉన్న ఒక మొద్దు మీద కూర్చున్నాను. "కనపడేంత దూరంలో ఉండండి!" అన్నాను. పిల్లలు "సరే ఆయమ్మా" అని పోయారు. వక్కాకు సంచి విప్పి, ఆకుకు సున్నం రాసి, నోట్లో పెట్టుకుని తలెత్తాను.

ఒక్కరు లేరు.

ఆకులున్నాయి. మానులున్నాయి. నాలుగు పక్కల నుంచీ పిల్లల గొంతులు వస్తున్నాయి, మనిషి మాత్రం కనపడదు. నోట్లో ఆకు నమలడం మరిచిపోయాను. గొంతెత్తి అరిచాను. నా అరుపుకు పైన పిట్టలన్నీ లేచిపోయాయి. పిల్లలు ఒక్కొక్కరే పొదల్లోంచి బయటపడ్డారు. అందరి చేతుల్లో ఎండుకట్టెలు! పావడాల్లో కట్టెలు, చంకల్లో కట్టెలు.

"ఆయమ్మా, సూడు! ఎవురూ ఏరుకోకుండా వదిలేసినారు!"

మా పిల్లలు మరి. ఎండుపుల్ల నేల మీద కనపడితే వంగకుండా ఉండలేరు. అడవికి తీసుకొచ్చి చెట్లు చూడండ్రా అంటే, చూసింది కట్టెలే. నన్ను చూసి నేర్చుకున్నారు అంటే కాదనలేను.

అందరూ వచ్చారు. ఉరుకుంద రాలేదు.

"తనకు పెద్ద మోపు కావల్నంట. వాళ్లమ్మకు సూపించాలంట" అన్నారు.

పిల్లలందరినీ కూర్చోబెట్టి, ఒకరి జడ ఒకరిని పట్టుకోమన్నాను. "జడ వదిల్తే సంపుతా" అని చెప్పి లోపలికి పోయాను. అప్పుడే టీచరమ్మను పిలిచి ఉండాలి. కొత్తగా చేరినవాళ్లారా, ఇది బాగా వినండి. బిడ్డ కనపడకపోతే ముందు పక్కవాళ్లకు చెప్పండి. ఒక్కరే చక్కబెట్టి, ఎవరికీ తెలియకుండా ముగించాలని చూడొద్దు. నేను అదే చూశాను.

ఉరుకుందా, ఉరుకుందా అని అరుస్తూ పోయాను. రంగన్న మెడ కనపడుతోంది నాకు, మాటిమాటికీ. ఈ బిడ్డ దొరక్కపోతే ఇంక ఏ ఆడబిడ్డా ఏ బస్సూ ఎక్కదు. దొరికినా, ఆలస్యంగా దొరికితే తప్పు మాట పుడుతుంది, దీని ఎనిమిదో తరగతి పోతుంది. వెనక్కి తిరిగి పిల్లలను ఒకసారి చూసుకుందామనుకున్నాను. వెనక ఏది? అంతా ఒకే మాదిరి మానులు. మా ఊళ్లల్లో దారి తప్పితే కొండ చూసుకుని నడుస్తాం. ఇక్కడ కొండా లేదు, ఆకాశమూ లేదు. అటు పోయాను, ఇటు వచ్చాను. కొంగు ముళ్లకు చిక్కి చినిగింది. ఒక చెప్పు ఎక్కడో పోయింది. ఉలిగమ్మ తల్లికి మొక్కుకున్నాను, ఉరుకుంద ఈరన్నకు మొక్కుకున్నాను, ఇంకా ఎవరికి మొక్కుకున్నానో దేవుళ్లకే తెలియాలి. ఒక మాను మొదట్లో కూలబడి, "ఓయమ్మో! ఎవరన్నా ఉండారా!" అని ఏడ్చేశాను.

"ఆయమ్మా, ఏంటికట్ల అరుస్తాండావు?"

తలెత్తితే ఉరుకుంద. నెత్తిన కట్టెల మోపు, ఓణీతో బిగించి కట్టింది. చెదరకుండా నిలబడి ఉంది.

"యాడికి పోయినావే ముండా!"

"నేను యాడికీ పోలే. ఆ పడిపోయిన మాను కాడనే కట్టెలు ఏరుకుంటాంటి. నువ్వే నా ముందర్నుంచి అట్ల పోయినావు, మల్లా ఇట్ల వచ్చినావు."

"పిలవకూడదా?"

"పిలిచినా. నువ్వు అరుస్తాంటే నా గొంతు నీకు యాడ వినపడ్తాది?"

దాన్ని కొట్టాలో, ముద్దుపెట్టుకోవాలో తెలియలేదు. రెండూ చేశాను. అప్పుడు అసలు సంగతి గుర్తొచ్చింది.

"ఇప్పుడు ఎట్ల పోవల్లే? నాకు దోవ తెలీదు."

అది నన్ను కొత్తగా చూసింది. "దోవ మన కాళ్ల కిందనే ఉంది కదా ఆయమ్మా. ఇదో, గాడి మాదిరి పోతాండాదే. మొద్దులు ఈడ్చిన దోవ. ఈ దోవలన్నీ దిగువకు పోయి కట్టెల డిపో కాడ కలుస్తాయని సారు సెప్పినాడు. మ్యూజియం కట్టింది ఆ డిపోలోనే."

"ఎప్పుడు సెప్పినాడు?"

"నువ్వు నిద్రపోతాంటివి."

ముందు అది, నెత్తిన మోపుతో. వెనక నేను, ఒక కాలికి చెప్పుతో, దాని పావడా అంచు పట్టుకుని. పిల్లలకు నేను జడలు పట్టుకోమని చెప్పి వచ్చాను చూడండి, ఇప్పుడు నా వంతు. గాడి వెంబడి దిగుతూ పోతే మ్యూజియం పెంకులు కనపడ్డాయి. టీచరమ్మ ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. మగపిల్లలు కూడా వాగు నుంచి వచ్చేసి, వేడుక చూస్తున్నారు.

ఫారెస్టు సారు కట్టెలు చూసి తల అడ్డంగా ఊపాడు. "అడవిలోంచి పుల్ల కూడా బయటికి పోకూడదమ్మా, రూలు." పిల్లలందరూ కట్టెలు ఒక కుప్పగా పోశారు. ఉరుకుంద అందరికంటే చివర దించింది, ఓణీ ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. ఆయన తర్వాత నా సంచి వైపు చూశాడు. సంచి మూతిలోంచి పుల్లలు బయటికి వచ్చి ఉన్నాయి. బిడ్డను వెతుకుతూ పోయేదాన్ని, మధ్యలో అవి ఎప్పుడు ఏరానో ఒట్టు, నాకే తెలియదు. చేతులు వాటంతట అవే ఏరి ఉంటాయి. నేనూ కుప్పలో వేశాను.

బడి గేటు దగ్గర

బస్సులో టీచరమ్మ అందరికీ చెప్పింది. "ఏమీ జరగలేదు. అందరం క్షేమంగా పోతున్నాం. ఊళ్లో ఏమీ చెప్పొద్దు." పిల్లలు తలలూపారు. పిల్లలు తల ఊపారంటే దానికి అర్థం ఏమిటో ఆయాగా పని చేసినవాళ్లకు తెలుసు.

సాయంత్రం బడి గేటు దగ్గర తల్లిదండ్రులు కాచుకుని ఉన్నారు. బస్సు ఆగీ ఆగకముందే ఒక పిల్లోడు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఉరుకుంద అడివిలో తప్పిపోయింది!" అని అరిచాడు. ఇంకొకడు అందుకున్నాడు.

రంగన్న ముందుకొచ్చాడు. కూతుర్ని పైనుంచి కిందికి చూశాడు. ఓణీ నలిగింది, చేతులు గీసుకుపోయాయి. అంతమందీ అదే చూస్తున్నారు. "నిజమేనా పాపా?"

అది తల వంచుకుంది. నిజం చెప్తే నా పరువు పోతుందని అది నోరు మూసుకుంది. ఆ సంగతి నాకు అప్పుడే అర్థమైంది.

టీచరమ్మ, "రంగన్నా, జరిగింది వేరు, నేను వివరంగా చెప్తాను" అని మొదలుపెట్టింది. ఆయన వినలేదు. కూతురి చెయ్యి పట్టుకుని, "పద ఇంటికి" అన్నాడు. చెయ్యి పట్టుకున్న తీరు చూస్తే చాలు. ఆ బిడ్డ ఇంకొకసారి ఏ బడి గేటూ చూడబోదు.

నేను బస్సు మెట్ల మీద నిలబడే ఉన్నాను, ఒక కాలికి చెప్పుతో. నోరు తెరిచాను.

"రంగన్నా, ఆగప్పా! తప్పిపోయింది నీ బిడ్డ కాదు. నేను!"

అందరూ నా వైపు తిరిగారు. ఇంక వెనక్కి తీసుకునేదేముంది. "అవునప్పా, నేనే! ఇంత పెద్దదాన్ని, పిల్లోళ్లను సూసుకోను పోయినదాన్ని, అడివిలో దోవ తప్పి, సెప్పు పోగొట్టుకొని, ఓయమ్మో అని ఏడుస్తాంటే, నీ బిడ్డ వచ్చి నన్ను పట్టకొచ్చింది! దాని పావడా పట్టుకొని వచ్చినా! కావల్లంటే ఈ కాలు సూడు!"

చెప్పు లేని కాలు ఎత్తి చూపించాను. ఎవరో ఆడమనిషి కిసుక్కుమంది. తర్వాత ఇంకెవరో. నేను ఆగలేదు. కొంగు చినిగింది చూపించాను, ఎట్లా తిరిగానో తిరిగి చూపించాను, ఎట్లా ఏడ్చానో ఏడ్చి చూపించాను. గేటు దగ్గర జనం పొట్టలు పట్టుకున్నారు. కిటికీలో అరిచిన పిల్లోడు కూడా నవ్వుతున్నాడు. ఉరుకుంద ఒక్కతే నవ్వలేదు.

రంగన్న కూడా నవ్వలేదు. కూతుర్ని అడిగాడు. "నీకు దోవ ఎట్ల తెలిసింది?"

"సెప్పవే. నా పరువు ఎట్లయినా పోయింది" అన్నాను.

"మొద్దులు ఈడ్చిన దోవ నాయనా. అది దిగువకు పోయి డిపోలో కలుస్తాది. మ్యూజియంలో సారు సెప్పినాడు."

"నువ్వు విన్నావా?"

"విన్నా."

"ఈయమ్మ వినలేదా?"

ఉరుకుంద నా వైపు చూసింది. నేను తల ఊపాను, చెప్పమని.

"నిద్రపోతాండె నాయనా."

అప్పుడు రంగన్న భుజాలు కదిలాయి. మొదట దగ్గు అనుకున్నాను. బేళ్లు మోసే మనిషి నవ్వు అట్లా ఉంటుందని నాకు తెలియదు. తువ్వాలతో కండ్లు తుడుచుకుని టీచరమ్మ వైపు తిరిగాడు.

"జూన్‌లో సేర్పిస్తా టీచరమ్మా. అడివిలోంచి ఇంత మనిషిని పట్టకొచ్చిన బిడ్డ రైలు గేటు దాటలేదా? ఒకటే మాట. హైస్కూలుకు తోడని సెప్పి ఈయమ్మను మాత్రం పంపద్దండి. నా బిడ్డ సదువుకుంటాదా, ఈమెను ఎతుక్కుంటాదా?"

జూన్‌లో రైలు గేటు దగ్గర పుస్తకాల సంచితో పోతుంటే నేనే చూశాను. పలకరిస్తే నవ్వింది. తర్వాత ఎంతదాకా చదివింది, ఏమయింది అనేది నేను చెప్పను. అది ఆమె చెప్పుకోవాల్సిన మాట.

ఆ మరుసటి ఏడు ఆడపిల్లలను పంపండని ఇంటింటికీ తిరిగే పని లేకపోయింది. వాళ్లే వచ్చి అడిగారు. "ఉలిగమ్మను చూసుకోవడానికి మా పాప వస్తుంది" అని ఎగతాళి కూడా చేశారు. నేను పని మానేసేదాకా ఆదోనిలో నాకు అడివి ఆయమ్మ అనే పేరు పోలేదు. కూరగాయల అంగడిలో కూడా, "దోవ తెలుసా ఆయమ్మా, ఇంటిదాకా రావల్లా?" అనేవాళ్లు. మొదట్లో మండేది. తర్వాత నేనే ముందు నవ్వేదాన్ని.

కొత్తగా చేరేవాళ్లకు ఇంక ఒక్క మాట చెప్పి ఆపేస్తాను. ఆయా మీద పిల్లలు ఉచ్చ పోస్తారు, చీమిడి తుడుస్తారు, కక్కుతారు. అన్నీ కడుక్కుంటే పోతాయి. నలుగురు నవ్వితే అదీ అంతే, కడుక్కుంటే పోతుంది. బిడ్డ మీద పడిన మాట మాత్రం ఎంత కడిగినా పోదు. రెండిట్లో ఒకటి మీద పడాల్సి వస్తే ఏది మీరు తీసుకోవాలో ఆలోచించొద్దు. ఆలోచిస్తే ఆలస్యమవుతుంది. నేను ఆలోచించి చేయలేదు, నా నోరు ఎప్పుడూ ముందు నడుస్తుందని చెప్పాను కదా, ఆ ఒక్క రోజు సరైన వైపు నడిచింది.

చాలు శిరీషా, చెయ్యి నొప్పెట్టి ఉంటుంది. ఏమే, అడివిలో నేను ఏడ్చింది రాసినావా? రాసింటే ఉండనీలే. గేటు కాడ వాళ్లంతా నవ్వింది రాసినావా? తగ్గించి రాసినావేమో, నీది మెత్తని గుండె. ఏదీ, బస్సు ఆగిన కాడ్నుంచి సదువు. గట్టిగా సదువు, పక్కింటోళ్లు వచ్చినా పర్వాలేదు.